ఏది మేలు: జాజ్ కొరియర్సా, రెండెల్–కార్ క్వింటెట్టా?

జాజ్ గురించి నాతో మాట్లాడే మిత్రుల్లో ఎక్కువమంది కర్ణాటక సంగీతం వింటూ పెరిగినవారే. డ్యూక్ ఎల్లింగ్టన్, మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్ వారికి కొత్తవారు కారు. అమెరికా దాటి ఒక అడుగు వేయాలనుకున్నప్పుడు మాత్రం వారి నుంచి ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. బ్రిటన్‌లో ఐదుగురు కలిసి వాయించిన బృందాల్లో (జాజ్‌లో వీటిని క్వింటెట్ అంటారు) దేనితో మొదలుపెట్టాలి, జాజ్ కొరియర్స్‌తోనా, లేక డాన్ రెండెల్–ఇయన్ కార్ క్వింటెట్‌తోనా? ఇన్నాళ్ళూ రెండు పేర్లూ చెబుతూ వచ్చాను. గత నెల మా ఇంట్లో కొందరు మిత్రులను కూర్చోబెట్టి, ఒక్క సాయంత్రంలో ఒక్క బృందాన్నే నెమ్మదిగా వినిపించే సందర్భం వచ్చింది. అప్పుడు ఒకదాన్ని ఎంచుకోక తప్పలేదు. ఆ ఎంపిక వెనుక ఉన్న ఆలోచనను వివరంగా రాయడం అడిగేవారికీ ఉపయోగపడుతుందని అనిపించింది.

ముందుగా ‘మెయిన్‌స్ట్రీమ్’ అనే మాట సంగతి. జాజ్‌కు ఆ మాటను 1950లలో వాడుకలోకి తెచ్చినవాడు స్టాన్లీ డాన్స్ అనే ఆంగ్ల విమర్శకుడు. జాజ్ తొలినాటి న్యూ ఆర్లీన్స్ పద్ధతిని పట్టుకున్న ‘ట్రాడ్’ (సంప్రదాయ) వారికీ, చార్లీ పార్కర్ దారిలో నడిచిన ఆధునికులకూ నడుమ, స్వింగ్ యుగపు (1930లు, 40ల నృత్యబృందాల కాలపు) సంగీతాన్ని కొనసాగించిన వారిని ఆయన ఆ పేరుతో పిలిచాడు. ఆ తొలి అర్థాన్నే పాటిస్తే నేను చెప్పబోయే రెండు బృందాలూ ఆధునికుల వైపు చేరతాయి. ఈనాడు ఆ మాట పరిధి పెరిగింది. నిలకడైన లయ, గుర్తుపట్టగలిగే బాణీ, ఆ బాణీ మీద వంతులవారీగా సాగే మనోధర్మం ఉన్న జాజ్ అంతా శ్రోతల దృష్టిలో మెయిన్‌స్ట్రీమే. ఇక్కడ కూడా ఆ విశాలమైన అర్థాన్నే తీసుకుంటున్నాను.

జాజ్ కొరియర్స్ ఆయుష్షు చాలా చిన్నది. 1957 ఏప్రిల్‌లో లండన్ వార్డర్ స్ట్రీట్‌లోని ఫ్లమింగో క్లబ్‌లో మొదలై, 1959 వేసవి చివరికి ముగిసింది. ముందువరుసలో ఇద్దరూ టెనర్ శాక్సొఫోన్ వాయించేవారే. 1927లో పుట్టిన రోనీ స్కాట్ ఒకరు, 1935లో పుట్టిన టబ్బీ హేస్ మరొకరు. వారి వెనుక పియానో దగ్గర టెర్రీ షానన్, డ్రమ్స్ దగ్గర బిల్ ఐడెన్ కూర్చునేవారు. బేస్ (నిలబెట్టి మీటే పెద్ద తంత్రీవాద్యం) దగ్గర మనిషి మారుతూ వచ్చాడు. 1958 నాటి కచేరీ రికార్డులో ఫిల్ బేట్స్ వినిపిస్తాడు, తరువాతి రికార్డుల్లో జెఫ్ క్లైన్ వినిపిస్తాడు.

ఆ బృందం పుట్టిన కాలాన్ని గుర్తుంచుకుంటేనే దాని వేగం అర్థమవుతుంది. 1930ల మధ్య నుంచి దాదాపు ఇరవై ఏళ్ళపాటు, వాద్యకారుల సంఘాల మధ్య ఒప్పందం కుదరక, అమెరికన్ బృందాలు బ్రిటన్‌లో వాయించడం చాలావరకు నిలిచిపోయింది. అసలు సంగీతం ఎలా ఉంటుందో ఎదురుగా కూర్చుని వినడానికి లండన్ కుర్రవాళ్ళు అట్లాంటిక్ దాటే ఓడల మీద నృత్యబృందాల్లో ఉద్యోగం సంపాదించి న్యూయార్క్ వెళ్ళేవారు. రోనీ స్కాట్ అలా వెళ్ళి విన్నవారిలో ఒకడు. 1956లో ఆ కట్టడి సడలి అమెరికన్లు రావడం మొదలైంది. ఆ మరుసటి ఏడు పుట్టిన ఈ బృందానికి, తాము ఎవరికీ తీసిపోమని చూపించాలన్న పట్టుదల ప్రతి పాటలోనూ ఉంది. 1958 ఫిబ్రవరిలో డేవ్ బ్రూబెక్ క్వార్టెట్ బ్రిటన్ పర్యటనలో ముందుగా వాయించింది ఈ ఐదుగురే. లండన్ డొమినియన్ థియేటర్‌లో ఆ పర్యటన సమయంలో రికార్డయిన కచేరీని ఇప్పటికీ ఊపిరి బిగబట్టే వింటాను.

అందులో టబ్బీ హేస్‌ను విన్నవారికి ఆయన ప్రతిభ గురించి ఎవరూ నచ్చజెప్పనక్కరలేదు. పదహారో ఏట కెనీ బేకర్ బృందంలో చేరి వృత్తిలో స్థిరపడినవాడు. టెనర్‌తోపాటు వైబ్రాఫోన్ (లోహపు పలకల మీద కొట్టి వాయించే వాద్యం), ఫ్లూట్ కూడా వాయించగలిగేవాడు, బృందానికి కావలసిన అమరికల్లో (ఏ వాద్యం ఎక్కడ ఏమి వాయించాలో రాసే కూర్పుల్లో) పెద్ద భాగం తానే రాసేవాడు. 1961లో న్యూయార్క్ హాఫ్ నోట్ క్లబ్‌లో వాయించడానికి పిలుపు అందుకున్నాడు. 1973లో, గుండె శస్త్రచికిత్స సమయంలో, ముప్పై ఎనిమిదో ఏట పోయాడు. నేను ఇక్కడ పోల్చుతున్న రెండు బృందాల్లోని వాద్యకారులందరినీ వరుసగా నిలబెట్టి ఎవరు గొప్ప అని అడిగితే, తడుముకోకుండా హేస్ పేరే చెబుతాను. రోనీ స్కాట్ స్వరం అంత జోరుగా ఉండదు, కొంచెం గరుకుగా, ఆలోచించి పలికినట్టు ఉంటుంది. ఇద్దరూ ఒకే వాద్యం పట్టుకుని పక్కపక్కన నిలబడినా ఎవరు ఎవరో గుర్తుపట్టవచ్చు. బృందం విడిపోయిన కొద్ది వారాలకే, 1959 అక్టోబరులో, స్కాట్ సోహోలోని జెరార్డ్ స్ట్రీట్‌లో తన పేరుతో క్లబ్ తెరిచాడు. అది తరువాత ఫ్రిత్ స్ట్రీట్‌కు మారి ఇప్పటికీ నడుస్తోంది.

ఇంత చెప్పిన తరువాత కూడా మొదటి పరిచయానికి నేను కొరియర్స్‌ను ఎంచుకోలేదు. కారణం ముందువరుసలో లేదు, వెనుకవరుసలో ఉంది. మన కచేరీల్లో గాయకుడు ఎంత గొప్పవాడైనా, మృదంగమూ వయొలినూ ఆయన మనసు ఎరిగి నడవకపోతే ఆ కచేరీ నిండదని మనకు తెలుసు. క్వింటెట్ విషయంలోనూ నా చెవి ముందుగా పక్కవాద్యాల వైపే పోతుంది. ఊదేవారిద్దరూ ఎంత చెప్పినా అది ఒక పక్షం. పియానో, బేస్, డ్రమ్స్ వారికి ఏమి బదులిస్తున్నాయి, ఎక్కడ ఆగి చోటు ఇస్తున్నాయి, ఎక్కడ తాముగా ఒక మాట కలుపుతున్నాయి అన్నది రెండో పక్షం. రెండూ కలిస్తేనే అది ఐదుగురి సంగీతం అవుతుంది. లేకపోతే ఇద్దరి సంగీతానికి ముగ్గురు తాళం వేసినట్టు ఉంటుంది.

కొరియర్స్‌లో వెనుక కూర్చున్న ముగ్గురూ సమర్థులే. బిల్ ఐడెన్ ఆ వేగంలో కూడా లయను చెదరనివ్వడు. టెర్రీ షానన్ పియానోకు వంతు వచ్చినప్పుడల్లా శుభ్రంగా, పొదుపుగా మాట్లాడతాడు. అయితే ఆ బృందం నిర్మాణమే వారికి వేరే పని పెట్టింది. ‘చీక్ టు చీక్’ వంటి పాటను వారు ఎత్తుకునే వేగం చూస్తే, బేస్‌కూ డ్రమ్స్‌కూ నడకను నిలబెట్టడం తప్ప మరోదానికి ఊపిరి దొరకదని తెలుస్తుంది. రెండు టెనర్లూ కలిసి పలికే అమరికలు ముందే బిగించి రాసినవి, వాటి మధ్య వెనుకవారు దూరడానికి సందు తక్కువ. ఇది వారి లోపమని అనడం లేదు. ఆర్ట్ బ్లేకీ, హోరెస్ సిల్వర్ అనే అమెరికన్ బృందనాయకుల దారిలో వచ్చిన పద్ధతికి అది సహజమే. కానీ మొదటిసారి వినేవారికి ఆ రికార్డు నుంచి మిగిలేది ఆశ్చర్యం. రెండోసారి, మూడోసారి విన్నప్పుడు అదే ఆశ్చర్యం మళ్ళీ కలుగుతుంది తప్ప, మొదట వినబడని కొత్త విషయం అరుదుగా బయటపడుతుంది.

రెండెల్–కార్ క్వింటెట్ సంగతి ఇందుకు భిన్నం. డాన్ రెండెల్ 1926లో ప్లిమత్‌లో పుట్టాడు. 1950ల తొలినాళ్ళలో జానీ డాంక్‌వర్త్ సెవెన్ అనే ఏడుగురి బృందంలో వాయించాడు. అమెరికన్ టెనర్ వాద్యకారుడు లెస్టర్ యంగ్‌ను ఆరాధిస్తూ మొదలై, 1960లలో కోల్ట్రేన్‌ను కూడా తనలో కలుపుకున్న టెనర్ ఆయనది. అవసరమైనచోట సొప్రానో శాక్సొఫోన్, ఫ్లూట్ కూడా తీసుకునేవాడు. ఇయన్ కార్ ఆయనకంటే ఏడేళ్ళు చిన్న. 1933లో స్కాట్లండ్‌లోని డంఫ్రీస్‌లో పుట్టి, న్యూకాసిల్‌లో ఆంగ్ల సాహిత్యం చదివి, తన తమ్ముడు మైక్ కార్‌తో కలిసి ఎంసీ ఫైవ్ అనే బృందంలో ట్రంపెట్ వాయించి, తరువాత లండన్ చేరాడు. ఈ ఇద్దరి పేర్ల మీద నడిచిన క్వింటెట్ 1960ల తొలి భాగంలో మొదలై 1969 దాకా సాగింది. ఆ కాలంలో రికార్డుల నిర్మాత డెనిస్ ప్రెస్టన్ ఆధ్వర్యంలో, లాన్స్‌డౌన్ స్టూడియోతో ముడిపడిన ఐదు ఎల్పీలు వచ్చాయి. ఐదింటిలోనూ బేస్ దగ్గర డేవ్ గ్రీన్, డ్రమ్స్ దగ్గర ట్రెవర్ టామ్కిన్స్. ఒక జాజ్ బృందంలో అదే బేస్, అదే డ్రమ్స్ ఇన్నేళ్ళు కలిసి ఉండటం తేలికైన విషయం కాదు. ఆ సహవాసం చెవికి తెలుస్తుంది.

ఈ బృందంలో మారింది పియానో దగ్గర మనిషి ఒక్కడే. నాకు తేల్చుకోవడానికి దారి చూపింది కూడా ఆ మార్పే. 1964లో రికార్డయిన ‘షేడ్స్ ఆఫ్ బ్లూ’లో పియానో వాయించినవాడు కాలిన్ పర్‌బ్రుక్. చక్కని చేయి, స్వింగ్‌లో తలపండినవాడు, కార్డ్‌లను (ఒకేసారి మోగించే స్వరాల గుంపులను) సమయానికి అందిస్తూ ఎవరికీ అడ్డురాని మనిషి. ఆ రికార్డుకు పేరిచ్చిన నెమ్మదైన బాణీ నీల్ ఆర్డ్లీ అనే ఆంగ్ల స్వరకర్త రాసింది. దానిలోని చల్లని విషాదం ఎన్నిసార్లు విన్నా తగ్గదు. రెండేళ్ళ తరువాత, 1966లో వచ్చిన ‘డస్క్ ఫైర్’లో మిగతా నలుగురూ వారే, పియానో దగ్గర మాత్రం మైకెల్ గారిక్ ఉన్నాడు. ఒక బృందానికి పక్కవాద్యం ఏమి చేస్తుందో తెలుసుకోవాలంటే ఈ రెండు రికార్డులను వెంటవెంటనే వినడం కంటే మంచి మార్గం నాకు తెలియదు. మొదటిదానిలో పియానో పాటను మోస్తుంది. రెండోదానిలో పాట ఎటు పోవాలో కూడా పియానో అడుగుతుంది.

గారిక్ 1933లో లండన్‌ను ఆనుకుని ఉన్న ఎన్‌ఫీల్డ్‌లో పుట్టాడు. ఆయనదీ ఆంగ్ల సాహిత్యం చదువే. పియానో చాలావరకు తనంతట తాను నేర్చుకున్నాడు. కవులు కవిత్వం చదువుతుంటే జాజ్ వాయించే కచేరీలను 1960లలో నడిపినవారిలో ఆయన ముఖ్యుడు. భారతీయ సంగీతం మీద ఆయనకు నిజమైన ఆసక్తి ఉండేది. ఆ ఆసక్తి సితార్‌ను తెచ్చి పక్కన కూర్చోబెట్టే రూపంలో బయటపడలేదు. కార్డ్‌లు గబగబా మారిపోయే అలవాటును పక్కనబెట్టి, ఒక స్వరాధారం మీద చాలాసేపు నిలబడి, దాని చుట్టూ మెల్లగా వాతావరణం కట్టే పద్ధతిలో అది కనబడుతుంది. సుమారు పన్నెండు నిమిషాల ‘డస్క్ ఫైర్’ ఆయన రాసినదే. శ్రుతి పెట్టుకుని, రాగాన్ని తొందరపడకుండా తెరిచే ఆలాపనకు అలవాటుపడిన చెవికి ఈ పాట పరాయిగా అనిపించదు. తక్కువ గొంతుతో మొదలై, ఊదేవారిద్దరి వంతులతో వేడెక్కి, మళ్ళీ సంధ్యలోకి ఒదిగిపోతుంది. తెలుగు శ్రోతలకు మొదటి మెట్టుగా దీన్ని సూచించడంలో ఈ కారణానికి నా దృష్టిలో చాలా బరువు ఉంది.

‘ఫేజ్ త్రీ’ రికార్డులో గారిక్ రాసిన ‘బ్లాక్ మారిగోల్డ్స్’ గురించి ఒక మాట చెప్పాలి. బిల్హణుడి చౌరపంచాశికను పవీస్ మాదర్స్ అనే ఆంగ్ల కవి ఇదే పేరుతో అనువదించాడు. రాజకుమార్తెకు చదువు చెప్పబోయి ఆమెనే ప్రేమించి, మరణశిక్ష ఎదురుగా ఉన్నప్పుడు ఆమెను తలచుకుంటూ యాభై శ్లోకాలు చెప్పాడనే ఆ కవి కథ మన వాళ్ళకు చిరకాలంగా తెలిసినదే. ఆ పాట వింటున్నప్పుడు ‘ఇప్పటికీ తలచుకుంటున్నాను’ అనే అర్థంతో ఒక్కో శ్లోకాన్నీ మొదలుపెట్టే ‘అద్యాపి’ అన్న మాట నాకు గుర్తుకు రాకుండా ఉండదు.

ఇక డేవ్ గ్రీన్, ట్రెవర్ టామ్కిన్స్. గ్రీన్ 1942లో పుట్టాడు. రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ ఆయనకు చిన్ననాటి పొరుగింటి స్నేహితుడు, ఆ స్నేహం చివరిదాకా నిలిచింది. ఈ క్వింటెట్‌లో ఉన్న రోజుల్లోనే ఆయన ట్రంపెట్ వాద్యకారుడు హంఫ్రీ లిటిల్టన్ బృందంలోనూ చేరాడు, అంటే స్టాన్లీ డాన్స్ చెప్పిన అసలు అర్థంలోని మెయిన్‌స్ట్రీమ్‌నూ, ఈ కొత్త సంగీతాన్నీ ఒకే చేత్తో వాయించాడు. రోనీ స్కాట్ క్లబ్‌కు కోల్మన్ హాకిన్స్, బెన్ వెబ్‌స్టర్ వంటి అమెరికన్ పెద్దలు వచ్చినప్పుడు వారి వెనుక నిలబడ్డాడు. ఆయన బేస్‌లో నాకు నచ్చేది స్వరం పొడవు. ప్రతి స్వరమూ పూర్తిగా పండిన తరువాతే తరువాతిదానికి చోటు ఇస్తుంది. అందువల్ల పాట ఎంత నెమ్మదిగా ఉన్నా కింద నేల ఉన్నట్టే ఉంటుంది. టామ్కిన్స్ దానికి తగిన జోడీ. ఆయన బలం సింబల్స్‌లో (డ్రమ్స్‌తో ఉండే పెద్ద తాళాల్లో) ఉంది. గట్టిగా కొట్టి ఊదేవారిని తరమడం కాకుండా, వారి మాటకు కింద గీత గీసినట్టు వాయిస్తాడు. తరువాతి కాలంలో ఆయన మంచి గురువుగా పేరు తెచ్చుకోవడంలో ఆశ్చర్యం లేదు, ఎదుటివారిని వినే గుణం ఆ వాయింపులోనే ఉంది.

ముందువరుస విషయానికి మళ్ళీ వస్తే, ఇక్కడి ఇద్దరి మధ్య పోటీ లేదు, స్వభావాల తేడా ఉంది. అది పాటల పేర్లలోనే కనబడుతుంది. యెహోవా సాక్షుల మతాన్ని అనుసరించిన రెండెల్ తన బాణీలకు ‘జూబల్’, ‘బత్ షెబా’ అని బైబిల్ పేర్లు పెట్టుకున్నాడు. జూబల్ అంటే ఆదికాండంలో సితారా (తంత్రీవాద్యం), సానిక (ఊదే వాద్యం) వాయించేవారికి మూలపురుషుడు. సాహిత్య విద్యార్థి అయిన కార్, ఐరిష్ కవి యేట్స్ కవితల్లోని ‘క్రేజీ జేన్’నూ, ఫ్రెంచి కవి విల్యోన్ వెతుక్కున్న ‘గతేడాది మంచు’నూ తన పాటలకు పేర్లుగా తెచ్చుకున్నాడు. వాయింపులోనూ అంతే. రెండెల్ టెనర్ లోపలి నుంచి పెరుగుతూ వచ్చి ఒక్కసారి కట్టలు తెంచుకుంటుంది. కార్ ట్రంపెట్, ముఖ్యంగా ఫ్లూగల్‌హార్న్ (ట్రంపెట్‌ను పోలిన, మెత్తని స్వరం గల వాద్యం) మీద, మౌనాన్ని కూడా ఒక స్వరంలా వాడుకుంటుంది. మైల్స్ డేవిస్ ప్రభావం స్పష్టమే. పోనుపోను, 1982లో, డేవిస్ మీద విలువైన జీవితచరిత్ర రాసినవాడు కూడా ఈయనే.

న్యాయంగా చెప్పాలంటే ఈ బృందం రికార్డులన్నీ ఒక ఎత్తులో లేవు. ఆఖరి రికార్డు ‘ఛేంజ్ ఈజ్’లో అదనపు వాద్యకారులు వచ్చి చేరారు, దారులు చీలుతున్నాయన్న సంగతి దానిలో వినబడుతుంది. కార్ మనసు అప్పటికే విద్యుత్ వాద్యాల వైపు మళ్ళింది. ఆయన కట్టిన న్యూక్లియస్ బృందం 1970లో స్విట్జర్లాండ్‌లోని మోంట్రూ జాజ్ ఉత్సవంలో మొదటి బహుమతి గెలిచింది. రెండెల్ ఆ దారిలో వెళ్ళలేదు. అలాగే, జాజ్‌లో ఉరకలెత్తే ఉత్సాహాన్ని, ఒకరి మీద ఒకరు పైచేయి కోసం ఊదే ఆనందాన్ని కోరుకునేవారికి రెండెల్–కార్ కొంత మందకొడిగా తోచవచ్చు. వారు కొరియర్స్‌తో మొదలుపెడితే తప్పేమీ లేదు. డొమినియన్ థియేటర్ రికార్డు వారికోసమే ఉంది. టెనర్ శాక్సొఫోన్ నేర్చుకుంటున్నవారు ఎవరైనా అడిగితే నేనే ముందు హేస్ దగ్గరికి పంపుతాను.

మిగతా పేర్లు కూడా అడుగుతుంటారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. జమైకా నుంచి వచ్చిన జో హారియట్ క్వింటెట్, 1960లో రికార్డు చేసిన ‘ఫ్రీ ఫార్మ్’ వల్ల చరిత్రలో పెద్ద స్థానం గలది. అయితే అది నడిచిన దారిని ఎంత విశాలమైన అర్థంలోనైనా మెయిన్‌స్ట్రీమ్ అనలేం. మూడో మెట్టుగా వినడం మంచిది. అదే హారియట్, కలకత్తాలో పుట్టిన జాన్ మేయర్‌తో కలిసి ఐదుగురు జాజ్ వాద్యకారులను, ఐదుగురు భారతీయ సంగీత వాద్యకారులను ఒకచోట చేర్చిన ప్రయత్నం వైపు మనవాళ్ళు సహజంగా ఆకర్షితులవుతారు. అది వినదగినదే. కానీ భారతీయ సంగీతపు ఆలోచన జాజ్ లోపలికి ఇంకడం వినాలంటే నాకు గారిక్ పియానోయే ఎక్కువ సంతృప్తినిస్తుంది. హంఫ్రీ లిటిల్టన్ బృందం తొలి అర్థంలో అసలైన మెయిన్‌స్ట్రీమే, అయితే అది ఎక్కువగా ఐదుగురిని మించిన బృందం. క్లారినెట్, వైబ్రాఫోన్‌ల జోడీతో అమెరికన్ క్లారినెట్ వాద్యకారుడు బెనీ గుడ్‌మన్ సంప్రదాయాన్ని నిలబెట్టిన డేవ్ షెపర్డ్ క్వింటెట్, గుడ్‌మన్‌ను ఇష్టపడేవారికి నచ్చుతుంది.

దొరకడం విషయం ఒకటి మిగిలింది. రెండెల్–కార్ తొలి ముద్రణ ఎల్పీలు అరుదైపోయి, సేకరించేవారి మధ్య చాలా ఎక్కువ ధర పలికేవి. 2018లో ఐదింటినీ మళ్ళీ ముద్రించాక ఆ ఇబ్బంది తగ్గింది. కొరియర్స్ రికార్డులు సీడీల రూపంలో ముందునుంచీ దొరుకుతూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం మిత్రులకు ముందుగా ‘షేడ్స్ ఆఫ్ బ్లూ’ బాణీ వినిపించి, ఏమీ చెప్పకుండా, వెంటనే ‘డస్క్ ఫైర్’ వేశాను. పాట అయిపోయాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చాలా ఏళ్ళు మృదంగం నేర్చుకున్న మిత్రుడు ఒకాయన, రెండో పాటను మళ్ళీ మొదటి నుంచి వేయమని అడిగాడు. ఈసారి ట్రంపెట్‌నూ శాక్సొఫోన్‌నూ వదిలేసి కేవలం బేస్‌నూ సింబల్స్‌నూ వింటానన్నాడు. దీపం తగ్గించి, మళ్ళీ మొదటి నుంచి వేశాను.